గాలి తిరిగొచ్చే దారి: ఇంటికి డక్టెడ్ ఏసీ పెట్టించుకునే ముందు

(హైదరాబాద్ పడమటి శివార్లలో ఇళ్లు కట్టుకుంటున్న కుటుంబాల సమావేశంలో ఒక ఎయిర్ కండిషనింగ్ ఇంజనీరు చేసిన ప్రసంగ పాఠం. సభలో వచ్చిన ప్రశ్నలను వచ్చినచోటే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో వాళ్లకి వినిపిస్తోందా? సరే. ముందే చెప్పేస్తున్నా, ఏ కంపెనీ ఏసీ మంచిదో ఇవాళ చెప్పను. దాని కోసమే వచ్చినవాళ్లుంటే టీ తాగి వెళ్లిపోవచ్చు. (నవ్వులు)

ఇల్లు కట్టుకునేవాళ్లు ఎవరైనా నన్ను అడిగేవి రెండే. ఎన్ని టన్నులు కావాలి, ఎంతవుతుంది. రెండూ అడగాల్సినవే. కానీ డక్టెడ్ ఏసీ దగ్గర వాటికన్నా ముందు తేల్చుకోవాల్సినవి వేరే ఉన్నాయి. మీ ఇంట్లో ఒకేసారి ఎన్ని గదుల్లో ఏసీ నడుస్తుంది? గదిలోకి పోయిన గాలి మళ్లీ మెషిన్ దగ్గరికి ఏ దారిన వస్తుంది? ఈ రెండూ తేలితే మిగతాదంతా లెక్క. తేలకుండా ఎంత ఖరీదైన మెషిన్ తెచ్చినా, రెండు మూడు ఎండాకాలాలు తిరిగేసరికి బెడ్‌రూమ్ గోడకి స్ప్లిట్ ఏసీ ఎక్కుతుంది. పైన లక్షలు పోసి చేయించిన ఫాల్స్ సీలింగ్, అందులో ఎవరూ ఆన్ చెయ్యని మెషిన్. అలాంటి ఇళ్లు మన చుట్టుపక్కలే ఉన్నాయి, పేర్లు మాత్రం అడక్కండి.

స్ప్లిట్ ఏసీ అందరికీ తెలిసిందే. గోడకి ఇండోర్, బయట ఔట్‌డోర్, మధ్యలో రెండు కాపర్ పైపులు. డక్టెడ్‌లో కూడా ఉండేవి ఇవే. కాకపోతే ఇండోర్ యూనిట్ గదిలో కనపడదు, ఫాల్స్ సీలింగ్ పైన ఉంటుంది. అది చల్లబరిచిన గాలిని రేకు డక్ట్‌లోకి, అంటే గాలి గొట్టంలోకి తోస్తుంది. డక్ట్ పాయలుగా చీలి ఒక్కో గదికీ వెళ్తుంది. మనకి కనపడేది గ్రిల్ ఒక్కటే. ఆ గాలి గదంతా తిరిగి, వేడిని మోసుకుని, ఇంకో పెద్ద గ్రిల్‌లోంచి ఫిల్టర్ దాటి మళ్లీ యూనిట్‌కి చేరుతుంది. దీన్ని రిటర్న్ అంటాం. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ఇవాళ నేను ఎక్కువసార్లు వాడబోయేది ఇదే.

ఇక్కడ డాలస్ నుంచో, ఆస్టిన్ నుంచో తిరిగొచ్చినవాళ్లు ఎంతమంది ఉన్నారు? అబ్బో, చాలామందే. మీరంతా అడిగే మాట నాకు తెలుసు. "అక్కడ ఇల్లంతటికీ ఒకటే సిస్టమ్ అండీ, గోడ మీద టెంపరేచర్ పెట్టుకునే చిన్న థర్మోస్టాట్, గోడలకి డబ్బాలు లేవు, చప్పుడు లేదు. ఇక్కడ ఎందుకు కుదరదు?" కుదరదని నేననను. కానీ అక్కడి ఇంటికీ ఇక్కడి ఇంటికీ పుట్టుకలోనే తేడా ఉంది. అక్కడ చలికాలంలో ఇల్లు వెచ్చగా ఉండాలి. అందుకోసం ఫర్నేస్ పెట్టి, వేడిగాలిని డక్టుల్లో గదులకి పంపడం ఇళ్లలోకి ఏసీ రాకముందు నుంచే ఉంది. తర్వాత ఏసీ వచ్చినప్పుడు చాలా ఇళ్లలో ఉన్న డక్ట్‌కే ఒక కూలింగ్ కాయిల్ తగిలించారు. పైగా ఇళ్లు చెక్క ఫ్రేమ్‌వి. గోడల లోపల ఖాళీ, పైన అటక, కొన్నిచోట్ల కింద బేస్‌మెంట్. డక్ట్ ఎటు కావాలంటే అటు పోతుంది. మనది ఆర్‌సీసీ ఇల్లు. స్లాబ్, దాని కింద బీములు, గదికీ గదికీ మధ్య ఇటుక గోడ. ఇంట్లో డక్ట్‌కి ముందే కేటాయించిన చోటంటూ లేదు. మనం అనుకుని వదిలితేనే ఉంటుంది.

ఇంకో తేడా మనుషుల్లో ఉంది. అక్కడ చాలా ఇళ్లలో ఇల్లంతా రోజంతా ఇంచుమించు ఒకే టెంపరేచర్‌లో ఉంటుంది. మనమో? మధ్యాహ్నం పెద్దవాళ్లు ఒక గదిలో నడుం వాలుస్తారు, ఆ ఒక్క ఏసీ వేస్తాం. రాత్రి పదింటికి మూడు బెడ్‌రూములు. హాల్లో ఏసీ అంటే చుట్టాలొచ్చినప్పుడే. గదిలోంచి బయటికి రాగానే "ఏసీ ఆపావా లేదా?" అని లోపల్నుంచి కేక. (నవ్వులు) అలవాటు మంచిదే. కానీ ఒక పెద్ద డక్టెడ్ యూనిట్‌కి ఈ అలవాటు సరిపడదు.

లెక్క చూద్దాం. మన మార్కెట్లో డక్టెడ్ యూనిట్లు 3, 4, 5.5, 8.5, 11 టన్నులు, ఇలా ఉంటాయి. నాలుగు గదులకి కలిపి 5.5 టన్నులది ఒకటి పెట్టారనుకోండి. ఒక టన్ను అంటే 3.5 కిలోవాట్ల చల్లదనం, మొత్తం 19 కిలోవాట్ల పైచిలుకు. కరెంటు ఫుల్ లోడ్‌లో 6 కిలోవాట్లకి పైనే లాగుతుంది. ఇన్వర్టర్ లేని, అంటే అవసరాన్నిబట్టి కంప్రెసర్ వేగం తగ్గించుకోలేని మెషిన్ అయితే, రాత్రి 8 గంటల్లో కంప్రెసర్ 5 గంటలు తిరిగినా 30 యూనిట్లు దాటిపోతాయి. తెలంగాణలో నెలకి 800 యూనిట్లు దాటిన ఇంటికి ఆపైన యూనిట్ 10 రూపాయలు. అంటే రాత్రికి 300 రూపాయలకి పైమాటే. మూసిన బెడ్‌రూమ్‌లో ఒకటిన్నర టన్నుల ఇన్వర్టర్ స్ప్లిట్ అదే రాత్రిని ఆరేడు యూనిట్లతో గడిపేస్తుంది. నాలుగు గదుల్లోనూ మనుషులు ఉంటే డక్టెడ్ బిల్లు అన్యాయం కాదు. ఒక్క గదిలో ఇద్దరు పడుకుంటే మాత్రం అన్యాయమే.

(సభలోంచి: "అవసరం లేని గదుల గ్రిల్లులు మూసేస్తే సరిపోతుంది కదా సార్?")

బాగా అడిగారు. అందరూ చేసేదీ ఇదే. ఒక టన్నుకి నిమిషానికి దాదాపు 400 ఘనపుటడుగుల గాలి కావాలి. దీన్ని మేం 400 సీఎఫ్ఎమ్ అంటాం. ఐదున్నర టన్నులకి 2200. ఫ్యాన్ ఆ గాలి తోయడానికి తయారైంది. మీరు మూడు గదులు మూసేస్తే ఆ గాలి ఎటు పోతుంది? మిగిలిన ఒక్క గ్రిల్‌లోంచి హోరుమంటూ వస్తుంది, లేదంటే డక్ట్ జాయింట్లలోంచి ఫాల్స్ సీలింగ్‌లోకి కారిపోతుంది. కాయిల్ మీద గాలి తగ్గేసరికి కాయిల్ మరీ చల్లబడి మంచు కడుతుంది. కాసేపటికి ఆ ఒక్క గదిలో కూడా చల్లదనం ఉండదు, సీలింగ్ నుంచి నీళ్ల చుక్కలు మాత్రం ఉంటాయి.

దీనికి అసలు మందు జోనింగ్. ఒక్కో గదికి వెళ్లే డక్ట్‌లో మోటారు డ్యాంపర్, అంటే గాలిని వదిలే, ఆపే చిన్న తలుపు, గదిలో దాని థర్మోస్టాట్, పైన ఇన్వర్టర్ కంప్రెసర్, వేగం మార్చుకునే ఫ్యాన్. సిడ్నీ, మెల్‌బోర్న్‌లలో ఉండే మనవాళ్లకి ఇది మామూలు విషయం, అక్కడ డక్టెడ్ అంటేనే చాలాచోట్ల జోన్లతో వస్తుంది. ఇక్కడ కూడా చేయించుకోవచ్చు. కానీ ఒక మాట అడిగి తీరాలి: ఒక్క చిన్న గది మాత్రమే తెరిచి ఉంటే మెషిన్ ఎంత కిందికి తగ్గగలదు? ఇన్వర్టర్‌కి కూడా ఒక కింది హద్దు ఉంటుంది. ఆ హద్దు మీ చిన్న బెడ్‌రూమ్ అవసరం కన్నా ఎక్కువైతే, మిగతా గాలిని పారబోయడానికి హాల్‌నో, కారిడార్‌నో ఎప్పుడూ తెరిచి ఉంచాలి. అప్పుడు జోన్లు పెట్టి లాభం సగమే.

ఇప్పుడు రిటర్న్ దగ్గరికి వద్దాం. కొటేషన్లలో దీని గురించి రెండు లైన్లు కూడా ఉండవు. సప్లై డక్ట్ ఎన్ని చదరపు మీటర్లు, ఎన్ని గ్రిల్లులు, అంతా రాస్తారు. రిటర్న్ దగ్గరికొచ్చేసరికి హాల్లో ఒక పెద్ద గ్రిల్ చూపించి వదిలేస్తారు. హాల్, డైనింగ్ కలిసి ఉన్న ఖాళీ స్థలానికి అది చాలు. బెడ్‌రూమ్‌కి చాలదు. ఎందుకంటే బెడ్‌రూమ్ తలుపు మూస్తాం.

లెక్క నోటితోనే చెప్తా, రాసుకోవాలంటే రాసుకోండి. బెడ్‌రూమ్‌లోకి 400 సీఎఫ్ఎమ్ గాలి పంపుతున్నాం. తలుపు మూసి ఉంది. తలుపు మూడడుగుల వెడల్పు, కింద సందు ఒక సెంటీమీటరు. ఆ గాలంతా ఆ సందులోంచే బయటికి రావాలంటే గంటకి 70 కిలోమీటర్లకి పైగా వేగంతో రావాలి. తుఫాను గాలి అది. అలా జరగదు కాబట్టి ఏం జరుగుతుంది? సీసాలోకి నోటితో గాలి ఊదినట్టు, గదిలో ఒత్తిడి పెరిగి లోపలికి వచ్చే గాలే తగ్గిపోతుంది. తలుపు కింద సన్నగా ఈల. తలుపు తియ్యబోతే ఎవరో అటువైపు నుంచి పట్టుకున్నట్టు ఉంటుంది. "హాల్ బ్రహ్మాండంగా ఉంది, బెడ్‌రూమ్ మాత్రం చల్లబడట్లేదు" అని ఫోన్ వస్తే నేను టన్నులు అడగను, తలుపు తీసి పడుకుని చూడమంటాను. చల్లబడితే రోగం తెలిసినట్టే.

అక్కడితో అయిపోలేదు. బెడ్‌రూమ్ నుంచి తిరిగి రావాల్సిన గాలి రాలేదు, హాల్లో ఉన్న రిటర్న్ మాత్రం పీలుస్తూనే ఉంది. ఆ లోటు ఎక్కణ్ణుంచి తీర్చుకుంటుంది? కిటికీ సందుల్లోంచి బయటి దుమ్ము, బాత్‌రూమ్ ఎగ్జాస్ట్ కన్నంలోంచి బయటి వేడి, వంటింట్లోంచి పోపు. ఎండుమిరపకాయలు, ఇంగువ వేసి పోపు పెడితే రెండు నిమిషాల్లో పై అంతస్తులో పిల్లల గదిలో దగ్గు. నవ్వుతున్నారు గానీ, ఇది నిజంగా పెద్ద ఇబ్బంది. ఆ పొగలో ఉన్న నూనె జిడ్డు కాయిల్‌కి పడుతుంది, దాని మీద దుమ్ము పేరుకుంటుంది, అది ఫిల్టర్‌లా కడిగితే పోయేది కాదు. అందుకే నా పట్టుదల ఒకటుంది. వంటింటిని డక్టెడ్ సిస్టమ్‌లో కలపకండి. ఓపెన్ కిచెన్ పెట్టుకున్నవాళ్లు రిటర్న్ గ్రిల్‌ని స్టవ్‌కి ఎంత దూరం పెట్టగలిగితే అంత దూరం పెట్టండి. చిమ్నీకి బయటికి పోయే పైపు ఉండాలి, జిడ్డు వడగట్టి గాలిని మళ్లీ ఇంట్లోకే వదిలే రకం మన వంటకి పనికిరాదు. పూజ గది విషయం కూడా అంతే. అగరొత్తులు, సాంబ్రాణి పొగ పీల్చుకునే చోట రిటర్న్ ఉంటే ఫిల్టర్ నల్లబడుతుంది.

మరి బెడ్‌రూమ్‌కి రిటర్న్ ఎలా? అన్నిటికన్నా మంచిది ప్రతి గదికీ సొంత రిటర్న్ గ్రిల్, దానికి డక్ట్. చోటు లేకపోతే తలుపు పైన గోడలో ట్రాన్స్‌ఫర్ గ్రిల్ పెట్టి గాలిని కారిడార్‌లోకి వదలొచ్చు. ఒక టన్ను గాలికి కనీసం ఒక చదరపు అడుగు ఖాళీ కావాలి. పలకలు పోను ఖాళీ సుమా, గ్రిల్ బయటి కొలత కాదు. ట్రాన్స్‌ఫర్ గ్రిల్‌తో మాటలు బయటికి వినిపిస్తాయి. కొత్తగా పెళ్లయిన పిల్లలున్న ఇంట్లో పెట్టేముందు ఆలోచించుకోండి. (నవ్వులు) గోడలో వంకరగా వెళ్లే చిన్న డక్ట్ చేసి లోపల చప్పుడు పీల్చే అకూస్టిక్ లైనింగ్ వేస్తే మాటలు చాలావరకు ఆగుతాయి.

ఇక ఎత్తు. ఆర్కిటెక్టుకీ ఏసీవాడికీ గొడవ మొదలయ్యేది ఇక్కడే. ఇందాకటి 2200 సీఎఫ్ఎమ్ గాలి చప్పుడు లేకుండా పోవాలంటే మెయిన్ డక్ట్‌లో వేగం నిమిషానికి 900 అడుగులు మించకూడదు. అంటే డక్ట్ దాదాపు రెండున్నర చదరపు అడుగులు ఉండాలి: 12 అంగుళాల ఎత్తు, 30 అంగుళాల వెడల్పు. దానికి ఇన్సులేషన్, వేలాడదీసే యాంగిల్స్ కలిపితే ఎత్తు 15 అంగుళాలు. మన ఇళ్లలో ఫ్లోర్ నుంచి ఫ్లోర్‌కి పది అడుగులు, స్లాబ్ పోను తొమ్మిదిన్నర. బీమ్ ఇంకో అడుగు కిందికి దిగుతుంది. ఆ బీమ్ కింద నుంచి డక్ట్ పోతే సీలింగ్ ఏడడుగులకి వచ్చేస్తుంది. చెయ్యెత్తితే తగులుతుంది. "డక్ట్‌ని పలచగా చెయ్యండి సార్" అంటారు. చెయ్యొచ్చు, ఎత్తు తగ్గించి వెడల్పు పెంచొచ్చు. కానీ వెడల్పు ఎత్తుకి నాలుగింతలు దాటితే రేకు ఎక్కువ, రాపిడి ఎక్కువ, చప్పుడు ఎక్కువ. అందుకే ఫ్లోర్ ఎత్తు పదకొండు అడుగులైనా ఉంటే నా పని సులువు. లేకపోతే ఇల్లంతటికీ ఒకే డక్టెడ్ అన్న ఆలోచన అక్కడే ఆపేద్దాం.

బీమ్‌కి కన్నం పెట్టి డక్ట్ తీసుకెళ్దామని మేస్త్రీ అంటాడు. ఒప్పుకోకండి. సెంట్రింగ్ వేసేటప్పుడే స్ట్రక్చరల్ ఇంజనీరుతో మాట్లాడి, ఎక్కడెక్కడ పైపులు, డ్రెయిన్ లైన్లు పోతాయో అక్కడ స్లీవ్‌లు, అంటే దారి కోసం ముందే వదిలే గొట్టాలు పెట్టించుకోవాలి. కాంక్రీటు పోశాక కోర్ కటింగ్ మెషిన్ తెచ్చి బీమ్‌లో ఊచలు కోస్తే, ఏసీ చల్లగానే ఉంటుంది, ఇల్లే బలహీనపడుతుంది. ఈ సభలో పునాది దశలో ఉన్నవాళ్లు అదృష్టవంతులు.

ఇప్పుడు మీరు మొదట్నుంచీ ఎదురుచూస్తున్న టన్నులు. "వంద చదరపు అడుగులకి ఒక టన్ను" అని ఒకాయన, "నూట యాభైకి ఒకటి" అని ఇంకొకాయన. రెండూ నోటి లెక్కలు. ఒకే కొలత ఉన్న రెండు గదులు తీసుకోండి, 14 బై 12. ఒకటి కింది అంతస్తులో ఉత్తరం వైపు. ఇంకొకటి పై అంతస్తులో పడమటి వైపు, ముప్ఫై చదరపు అడుగుల మామూలు అద్దం, పైన సన్‌షేడ్ లేదు. సాయంత్రం నాలుగింటికి ఆ అద్దం ఒక్కటే దాదాపు అర టన్ను తినేస్తుంది. పైన ఎండకి కాలిన స్లాబ్ ఇంకో మూడో వంతు టన్ను. ఆ స్లాబ్‌తో ఇంకో పేచీ ఉంది. మధ్యాహ్నం తాగిన వేడిని వెంటనే లోపలికి వదలదు, రాత్రి మనం పడుకునే వేళకి తీరుబడిగా వదులుతుంది. మనిషి ఒక్కడు కూర్చుంటే వంద వాట్ల పైన వేడి, టీవీ, లైట్లు వేరే. అంటే ఒకే కొలత గదులైనా ఒకదానికి ఒక టన్ను మిగిలిపోతుంది, ఇంకోదానికి ఒకటిన్నర చాలీచాలకుండా ఉంటుంది. ఈ లెక్కని హీట్ లోడ్ షీట్ అంటారు. గది గదికీ విడిగా వేసిన కాగితం అడగండి. ఇవ్వలేనివాడికి డక్ట్ పని ఇవ్వకండి.

ఆ వేడిని మెషిన్‌తో కొట్టే ముందు ఇంటితో ఆపొచ్చు. అద్దానికి బయట నీడ ఉండాలి, లోపల కర్టెన్ వేస్తే వేడి అప్పటికే ఇంట్లోకి వచ్చేసినట్టే. స్లాబ్ మీద తెల్లటి కూల్ రూఫ్ పూత వేయించండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది కూడా ఇందుకే. డబ్బాడు పూత చేసే పని చూస్తే మా ఏసీవాళ్ల వ్యాపారానికి నష్టమే, అయినా చెప్తున్నా.

ఎక్కువ టన్నులు పెడితే నష్టమేముంది, త్వరగా చల్లబడుతుంది కదా అంటారు. హైదరాబాద్ మే నెలలో పెద్దగా తెలియదు, గాలి పొడిగా ఉంటుంది. విశాఖలోనో, విజయవాడలోనో ఇల్లున్నవాళ్లు మాత్రం వినండి. అక్కడ ఏసీ పని వేడి తియ్యడం ఒక్కటే కాదు, తేమ తియ్యడం కూడా. పెద్ద మెషిన్ పది నిమిషాల్లో టెంపరేచర్ దించి ఆగిపోతుంది. తేమ పోవాలంటే కాయిల్ మీద గాలి చాలాసేపు తిరగాలి. అది జరగక గది చల్లగానే ఉంటుంది గానీ దుప్పటి తడిగా తగులుతుంది. అసలు ఏసీ పుట్టిందే తేమ కోసం. 1902లో బ్రూక్లిన్‌లో ఒక ప్రెస్సులో తేమకి కాగితం ఉబ్బి రంగులు ఒకదాని మీద ఒకటి కుదరట్లేదంటే, విల్లిస్ క్యారియర్ అనే కుర్ర ఇంజనీరు దానికి పరిష్కారం గీశాడు.

టన్నుల్లోనే ఇంకో మెలిక. బ్రోషర్లో రాసిన టన్నులు బయట 35 డిగ్రీలు ఉన్నప్పుడు ఇచ్చేవి. మన మే నెల ఎండకి 41, 42. రామగుండం, రెంటచింతల వైపు ఇంకా ఎక్కువ. బయట వేడి పెరిగేకొద్దీ మెషిన్ ఇచ్చే చల్లదనం తగ్గుతుంది, లాగే కరెంటు పెరుగుతుంది. అందుకని 43 దగ్గరా, 46 దగ్గరా ఎంత ఇస్తుందో చూపించే టేబుల్ అడగండి, ప్రతి కంపెనీ ఇంజనీర్ల దగ్గరా ఉంటుంది. ఔట్‌డోర్లని ఇరుకు సందులోనో, జాలీ వెనకాలో దాచేసి, "ఎలివేషన్, అంటే ఇంటి ముందు అందం, పాడవుతుంది" అంటారు. ఒకటి వదిలిన వేడిగాలిని ఇంకొకటి పీలుస్తుంది. ఊళ్లో 41 ఉన్నా మీ ఔట్‌డోర్‌కి 50 ఉన్నట్టే. ఎలివేషన్ అందంగానే ఉంటుంది, లోపలివాళ్లకి చెమటలు.

మరి నన్ను పెట్టమంటే ఏం పెడతాను? మీలో ఎక్కువమందివి రెండంతస్తుల విల్లాలు. హాల్, డైనింగ్ కలిపి ఒక డక్టెడ్ యూనిట్ పెడతాను. పెద్ద ఖాళీ స్థలం, తలుపుల్లేవు, రిటర్న్ బెడద లేదు, పదిమంది వచ్చినప్పుడు గాలి సమంగా పంచుతుంది. డక్టెడ్ గొప్పతనం కనపడేది అక్కడే. బెడ్‌రూములకి మాత్రం దేని మెషిన్ దానికే. గోడ మీద డబ్బా వద్దనుకుంటే చిన్న స్లిమ్ డక్టబుల్ యూనిట్లున్నాయి, ఎత్తు ఎనిమిది పది అంగుళాలే. హోటల్ గదిలోకి అడుగుపెట్టగానే తల పైన సీలింగ్ కిందికి ఉండి, మంచానికి ఎదురుగా గోడలో పొడుగాటి గ్రిల్ ఉంటుంది చూడండి, అదే. మన ఇంట్లో డ్రెస్సింగ్ దగ్గరో, బాత్‌రూమ్ ముందు సందులోనో సీలింగ్ దించి అక్కడ పెట్టొచ్చు. బెడ్‌రూమ్ సీలింగ్ ఎత్తు చెక్కుచెదరదు. రిటర్న్ ఆ గదిలోదే, పక్క గది వాసన రాదు, తలుపు మూసుకున్నా బాధ లేదు. వీటన్నిటినీ ఒకే ఔట్‌డోర్‌కి కలిపితే వీఆర్ఎఫ్ అంటారు. డాబా మీద చోటు కలిసొస్తుంది, రెండు గదులు నడిస్తే రెంటికి సరిపడానే తిరుగుతుంది. ఒకటే భయం, ఆ ఔట్‌డోర్ మే నెలలో మొరాయిస్తే ఇల్లంతా ఉడుకుతుంది. కనీసం పైకొకటి, కిందికొకటి పెట్టించుకోండి.

(సభలోంచి ఒకావిడ: "మా మామగారికి చల్లగాలి పడదండీ. మా పిల్లలకేమో 20లో ఉండాలి. ఇల్లంతా ఒకటే పెడితే ఎలా?")

అమ్మా, మీ ఇంట్లో అందుకే ఒకటే పెట్టకూడదు. థర్మోస్టాట్ హాల్లో ఉంటే అది హాల్‌నే చూస్తుంది. సాయంత్రం హాల్‌కి ఎండ తగిలితే మెషిన్ జోరందుకుంటుంది, ఆ గాలంతా మామగారి గదికి కూడా పోతుంది. ఆయన గదికి విడిగా మెషిన్ పెట్టి 27లో ఫ్యాన్‌తో ఉండనివ్వండి. పిల్లలకి కూడా 24 చాలు. రూమ్ ఏసీలు ఆన్ చెయ్యగానే 24 చూపించాలని 2020 జనవరి నుంచి నిబంధన ఉంది కదా. ఒక్కో డిగ్రీ పెంచితే కరెంటు ఆరు శాతం దాకా మిగులుతుందని ప్రభుత్వ ఎనర్జీ బ్యూరో లెక్క. గ్రిల్ పలకలు కూడా మంచం వైపు కాకుండా సీలింగ్ వెంబడి గాలి పోయేలా తిప్పించండి, సగం గొడవలు తీరతాయి.

(సభలోంచి: "ఫ్లాట్ కట్టేసి ఉంది సార్. ఇంటీరియర్ మొదలవ్వబోతోంది. ఇప్పుడేం చెయ్యగలం?")

అయితే మీకు డ్రెయిన్ గురించి చెప్పాలి. తేమ ఎక్కువున్న రోజు ఐదున్నర టన్నుల యూనిట్ నుంచి గంటకి ఐదారు లీటర్ల నీళ్లు వస్తాయి. ఆ పైపుకి మీటరుకి ఒక సెంటీమీటరైనా వాలు ఉండాలి. ఇండోర్ ఇక్కడ, బాల్కనీ పది మీటర్ల అవతల అంటే పది సెంటీమీటర్ల వాలు. అది మీ సీలింగ్‌లో ఉందా? లేకపోతే పంపు పెట్టాలి, పంపు ఏదో ఒకరోజు ఆగుతుంది. కాబట్టి ముందు డ్రెయిన్ ఎటు పోతుందో చూసుకుని, దాన్నిబట్టి యూనిట్ ఎక్కడో నిర్ణయించండి. రెండోది ట్రాప్ డోర్, అంటే రిపేరు కోసం సీలింగ్‌లో పెట్టే తలుపు. ఇంటీరియర్ వాళ్లకి సీలింగ్ నున్నగా ఉండాలి, ట్రాప్ డోర్ కనపడకూడదు. వాళ్లు చిన్నది చేస్తారు, చెయ్యి పడుతుంది, మనిషి పట్టడు. మోటారు మార్చాలంటే జిప్సం పగలగొట్టాల్సిందే. యూనిట్ పొడవు, వెడల్పు పట్టేంత ట్రాప్ డోర్ డ్రాయింగ్‌లోనే గీయించండి. ఫిల్టర్ తీసి కడగడానికి నిచ్చెన వేసుకునే చోటు కూడా. మన దుమ్ముకి ఎండాకాలం రెండు వారాలకోసారి కడగాలి.

సీలింగ్ మూసేముందు ఇంకో మాట. డక్ట్ జాయింట్లు సీలెంట్‌తో మూసి ఉన్నాయో లేదో కింద నుంచి టార్చి వేసి చూడండి. అమెరికాలో కరెంటు పొదుపు చూసే ఎనర్జీ స్టార్ వాళ్లు చెప్పేదేమిటంటే, మామూలు ఇంట్లో డక్ట్‌లోకి పంపిన గాలిలో 20 నుంచి 30 శాతం కారిపోతుంది. డక్టులు చేయడంలో చెయ్యి తిరిగిన దేశంలోనే అంత. కాపర్ పైపుల్లో నైట్రోజన్ నింపి, కంపెనీ చెప్పిన ప్రెషర్‌లో ఒక రోజంతా ఉంచి, మీటరు ముల్లు కదల్లేదని ఫోటో తీసుకోండి. ఆ తర్వాతే సీలింగ్ షీట్లు.

(సభలోంచి: "డిజైన్ ఫ్రీగా చేసిస్తానని కాంట్రాక్టరు అంటున్నారు. విడిగా డబ్బిచ్చి చేయించాలా?")

చిన్న ఫ్లాట్‌కి అక్కర్లేదు. విల్లాకి మాత్రం చేయించండి. ఫ్రీ డిజైన్ ఖర్చు ఎక్కడో ఒకచోట మీ టన్నుల్లో కలుస్తుంది. ఎవరు చేసినా సరే, వర్క్ ఆర్డర్‌లో రెండు లైన్లు రాయించుకోండి. ఒకటి, గది గదికీ ఎంత సీఎఫ్ఎమ్ ఇవ్వాలో. రెండు, పని అయ్యాక గాలి వేగం కొలిచే ఎనిమోమీటర్‌తో ప్రతి గ్రిల్ దగ్గరా కొలిచి, డ్యాంపర్లు సర్ది, ఆ అంకెలకి దగ్గరగా తెచ్చి చూపించాలని. తలుపులన్నీ మూసి కొలవమనండి. తలుపులు తెరిచి కొలిస్తే అన్ని గదులూ పాసవుతాయి. చివరి పది శాతం డబ్బు ఆ రీడింగుల కాగితం చేతికొచ్చాకే ఇవ్వండి. ఆ పరికరం ఏమంత ఖరీదు కాదు, "మా దగ్గర లేదు" అంటే నాకు ఫోన్ చెయ్యండి, నాది పంపిస్తా. డ్రాయింగులు తెచ్చినవాళ్లు ఇటు టేబుల్ దగ్గరికి రండి, బీములు ఎక్కడున్నాయో చూద్దాం.